కారు రంగు పూసుకున్న గుర్రాలు

బుధవారం, డాలస్ నుంచి రాస్వెల్

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు చూపించే జాబితా ఒకటి ఇక్కడి ప్రతి తెలుగింట్లో తయారుగా ఉంటుంది. నయాగరా, న్యూయార్కు, ఓర్లాండో, ఓ గుడి, ఓ అవుట్‌లెట్ మాలు. అమ్మ ఉండగానే అవన్నీ అయిపోయాయి. 2018లో నాన్న ఒక్కడే వచ్చాడు. ఎక్కడికి వెళ్దామన్నా "ఇంట్లో బానే ఉందిగదమ్మా" అని టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు.

ఆయన్ని లేపింది నా ఫోన్లో ఉన్న ఒక ఫొటో. పని మీద హ్యూస్టన్ వెళ్లినప్పుడు మూడీ పార్కులో తీసింది. ఎగిరి గంతేస్తున్న నీలం గుర్రం, దాని మీద తుపాకీ పైకెత్తి పట్టుకున్న మెక్సికన్ రౌతు. నాన్న కళ్లజోడు నుదుటి మీదకు తోసి, ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, గుర్రం పిర్ర దగ్గర ఆగాడు.

"ఇది బొమ్మలకేసే రంగు కాదే. కారు పెయింటు. పైన రంగులేని క్లియర్ కోటు కూడా కొట్టాడు, మెరుపు చూడు."

నాన్న విజయవాడ ఆటోనగర్లో జీవితమంతా లారీలకూ బస్సులకూ కార్లకూ రంగులేశాడు. అందుకని వాదించకుండా వెతికాను. ఆయన చెప్పిందే నిజం. శిల్పి పేరు లూయిస్ హిమెనెజ్. 1940లో టెక్సస్ సరిహద్దులో ఉన్న ఎల్ పాసోలో పుట్టాడు. తండ్రి మెక్సికో నుంచి కాగితాల్లేకుండా వచ్చినవాడు, నియాన్ సైన్‌బోర్డుల షాపు నడిపేవాడు. కొడుకు ఆ షాపులోనే పెరిగాడు. షాపు గడప దాటితే మెక్సికన్ పేటల కార్ల పిచ్చి. పాత షెవర్లేలూ ఫోర్డులూ కొని, కోసి, అతికి, నేలకు ఆనేంత కిందికి దించి, కళ్లు చెదిరే రంగులేసి తిప్పే కుర్రాళ్లు. పెద్దయ్యాక ఆయన చేసిన పెద్ద శిల్పాలు దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాసే. వాటి మీద రంగంతా స్ప్రేగన్‌తో కొట్టిందే.

"ఆ ఊరు ఎంత దూరం?" అన్నాడు నాన్న.

అడిగిందే చాలని, వారం సెలవు పెట్టి, ఎల్ పాసో నుంచి డెన్వర్ దాకా హిమెనెజ్ శిల్పాలు వెతుక్కుంటూ వెళ్లేట్టు దారి గీశాను. నాన్న తిరుగు టికెట్టు డెన్వర్ నుంచే తీశాను.

పొద్దున్నే బయల్దేరాం. ఇంచుమించు 490 మైళ్లు. స్వీట్‌వాటర్ దగ్గర కనుచూపు మేరా గాలిమరలు, తర్వాత 380 నంబరు రోడ్డెక్కితే ఆయిల్ పంపులు, మధ్యలో పత్తి చేలు. పత్తి చూడగానే నాన్నకు గుంటూరు గుర్తొచ్చి కాసేపు ఎకరాలూ దిగుబడీ మాట్లాడాడు. అది అయిపోయాక చెప్పిన సంగతి నేనెప్పుడూ వినలేదు. గుడివాడ దగ్గర వాళ్ల ఊళ్లో రైస్‌మిల్లు ఆసామికి ఒక ప్లిమత్ కారుండేది. ఆదివారం ఆదివారం దాన్ని కడిగే పని నాన్నది, పైసా కూలి లేదు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, బంపర్లో తన మొహం చూసుకునేవాడట. మొహం సాగిపోయి, ముక్కు పెద్దదై కనపడేది. "ఆ నల్లరంగు లోతు ఎట్టా వస్తదో తెలుసుకోవాలనుండేది. నడపాలని లేదు, దాని రంగు తెలుసుకోవాలి. అంతే." బడి మానేసి ఆటోనగర్లో చేరింది అందుకేనట. మా నానమ్మ చెప్పిన కారణం వేరే ఉంది, అది ఇక్కడెందుకు.

రాస్వెల్ చేరేసరికి పొద్దుగూకింది. ఎగిరే పళ్లెం పడిందన్న కథ మీద బతికే ఊరు. వీధి దీపాలకు కూడా గ్రహాంతరవాసి కళ్లు పెట్టారు. మెక్‌డొనాల్డ్స్‌ని పళ్లెం ఆకారంలో కట్టారు. నాన్న దాని ముందు ఫొటో దిగి, లోపల తినడానికేం లేదని తేల్చి, మోటెల్ గదిలో పులిహోర తిని పడుకున్నాడు.

గురువారం, హోండో లోయ మీదుగా ఎల్ పాసో

హిమెనెజ్ కథలో రాస్వెల్‌కి ఒక చోటుంది. ఆయన ఆస్టిన్ యూనివర్సిటీలో మొదట ఆర్కిటెక్చర్ చదివి, ఆర్ట్‌కి మారి, 1966లో న్యూయార్క్ వెళ్లాడు. అక్కడ 1969లో సొంత ప్రదర్శన పెట్టాడు, పేరు రావడం మొదలైంది. మిగతావాళ్లయితే అక్కడే స్థిరపడేవాళ్లు. ఆయన వెనక్కొచ్చేశాడు. రాస్వెల్లో డొనాల్డ్ ఆండర్సన్ అనే వ్యాపారి, తనూ చిత్రకారుడే, కళాకారులను పిలిపించి ఇల్లూ ఖర్చులూ ఇచ్చి కూర్చోబెట్టే పథకం ఒకటి 1967లో మొదలుపెట్టాడు. 1972లో హిమెనెజ్ దాని మీద వచ్చాడు. తర్వాత ఇక్కడికి పడమరగా యాభై మైళ్ల లోపున్న హోండోలో పాత బడి ఒకటి తీసుకుని, దాన్నే ఇల్లూ వర్క్‌షాపూ చేసుకున్నాడు.

హోండో లోయ అందంగా ఉంది. రాస్వెల్ ఎండుమైదానం నుంచి రాగానే ఏటి గట్టున పచ్చటి చెట్లు, ఆపిల్ తోటలు, రోడ్డు పక్కన చెర్రీ రసం అమ్మే కొట్లు. ఒక కొట్టు దగ్గర ఆగి తాగాం. ఆయన పనిచేసిన చోటు సొంత మనుషుల ఇల్లు, తలుపు తట్టి చూసేది కాదు. కారు నెమ్మది చేసి దాటిపోయాం. ఆ దాటే లోపల నాన్నకు అసలు సంగతి చెప్పాను.

1993లో డెన్వర్ ఎయిర్‌పోర్టుకు ఒక గుర్రం చెయ్యమని ఆయనకు ఆర్డరొచ్చింది. 32 అడుగుల ఎత్తు. ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. వాయిదాలు, కోర్టు గొడవలు, ఆరోగ్యం. 2006 జూన్ 13న ఇక్కడే, వర్క్‌షాపులో, ఆ గుర్రం భాగాన్ని ఎత్తి జరుపుతుంటే అది జారి ఆయన మీద పడింది. కాల్లో రక్తనాళం తెగి చనిపోయాడు. 65 ఏళ్లు.

నాన్న అయ్యో అనలేదు. "కింద స్టాండు పెట్టలా?" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, ఆటోనగర్లో బాడీ కింద పడుకుని పనిచేస్తుంటే జాకీ జారి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. నేను చిన్నప్పుడు మామయ్యా అని పిలిచినవాళ్లు ఇద్దరున్నారు అందులో.

మెస్కలేరో కొండలు దిగి అలమగోర్డో వచ్చాం. వైట్ శాండ్స్ చూశాం. తెల్లటి ఇసుక, నీలం ఆకాశం, మంచి ఫొటోలు. అంతకు మించి దాని గురించి నాకు చెప్పాల్సిందేమీ లేదు.

ఎల్ పాసోలో హోటల్లో బ్యాగులు పడేసి శాన్ హసింటో ప్లాజాకి నడిచాం. ఊరి నడిబొడ్డున పార్కు. ఒకప్పుడు ఇక్కడి నీటి తొట్టెలో బతికున్న మొసళ్లే ఉండేవి. 1880ల నుంచి 1960ల దాకా ఊరి పిల్లలు వాటిని చూస్తూ పెరిగారు. హిమెనెజ్ కూడా. వాటిని తరలించేశాక, 1995లో ఆయన చేసిన ఫైబర్‌గ్లాస్ మొసళ్లు ఆ చోటికొచ్చాయి. ఒకదాని మీదొకటి మెలికలు పడి, నోళ్లు తెరిచి, తోకలు పైకి విసిరి, చూసేవాడి మీదికి వచ్చేట్టుంటాయి. పార్కుని 2016లో బాగు చేసి, పైన నీడకు ఇనుప పందిరి వేశారు.

నాన్న తొట్టె చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. అది ఆయన అలవాటు, ఎదుటివాడి పని ముట్టుకోడు. ఒకచోట మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి, మొసలి పక్క వెంబడి చూపు సాగదీశాడు. లారీ డోరుకి లప్పం సరిగ్గా రుద్దారో లేదో అట్లాగే చూసేవాడు. ట్యూబ్‌లైటు నీడ డోరు మీద పడేట్టు నిలబడితే, పని బాగుంటే నీడ తిన్నగా ఉంటుంది, లేకపోతే వంకర్లు పోతుంది. ఇక్కడ ట్యూబ్‌లైటు బదులు వీధి అవతలి హోటల్ కిటికీలు.

"జాయింటు ఎక్కడుందో చెప్పు చూద్దాం," అన్నాడు.

నాకు కనపడలేదు. ఆయన వేలితో గాల్లోనే గీత గీసి చూపించాడు. తల ఒక అచ్చు, నడుం ఒక అచ్చు, తోక ఇంకోటి. టూరిస్టు బస్సుల ముందు భాగం ఫైబర్‌తో చేయడం ఆయన చూశాడు. ముందు మట్టితో అసలు బొమ్మ చేస్తారు. దాని మీద అచ్చు తీస్తారు. అచ్చు లోపల గాజునార గుడ్డ పరిచి రెజిన్ పూస్తూ పొర మీద పొర వేస్తారు. ఎండాక విడదీసి, ఇనుప చట్రం మీద ముక్కలు అతికి, అతుకులు పూడ్చి, రుద్ది, మళ్లీ రుద్ది, అప్పుడు రంగు. "రంగు కొట్టేది గంట, రుద్దేది నెల" అని నాన్న ఎప్పుడూ అనే మాట అక్కడా అన్నాడు. హిమెనెజ్ ఏళ్లకేళ్లు తీసుకునేవాడంటే నాన్నకు అందులో వింతేమీ కనపడలేదు. ఆలస్యమైందని తిట్టినవాళ్ల మీదే కోపమొచ్చింది.

పక్క బెంచీ మీద కూర్చున్న చిన్న పిల్ల మొసలి నోట్లో ఎన్ని పళ్లున్నాయో స్పానిష్‌లో లెక్కపెడుతోంది. చీకటి పడ్డాక ఫ్రాంక్లిన్ కొండ మీద పెద్ద నక్షత్రం దీపాలు వెలిగాయి. రోడ్డు చివర సరిహద్దు నదీ, దాని అవతల మెక్సికో ఊరు హ్వారెజ్ దీపాలు. హిమెనెజ్ ఆ నది దాటడాన్ని కూడా శిల్పం చేసి తన తండ్రికి అంకితమిచ్చాడు. భార్యను భుజాల మీద ఎక్కించుకుని నీళ్లలో నడుస్తున్న మనిషి, ఇద్దరూ కలిసి ఒకే స్తంభం. అదీ ఫైబర్‌గ్లాసే, అదీ నిగనిగలాడేదే.

శుక్రవారం, ఆల్బుకర్కీ

లాస్ క్రూసెస్ దాటాక హైవే మీద బోర్డర్ పెట్రోల్ వాళ్లు కార్లు ఆపి చూస్తారు. నాన్న పాస్‌పోర్టు పట్టుకుని చొక్కా గుండీ పైదాకా పెట్టుకున్నాడు. ఆఫీసరు వంగి చూసి, ఎక్కడికి వెళ్తున్నారంటే, బొమ్మలు చూడ్డానికన్నాను. "ఏం బొమ్మలు?" "హిమెనెజ్ శిల్పాలు." ఆయనకు తెలుసు. డెన్వర్‌లో ఉన్న గుర్రం భయంకరంగా ఉంటుందని చెప్పి పొమ్మన్నాడు.

హ్యాచ్ దగ్గర ఆగకుండా ఉండలేం. సెప్టెంబరు, మిరపకాయల సీజను. పచ్చిమిరపకాయలను ఇనుప జాలీ పీపాలో వేసి గ్యాసు మంట మీద తిప్పి కాలుస్తున్నారు, వాసన అర మైలు కొడుతోంది. కొట్ల ముందు ఎండుమిరప దండలు వేలాడుతున్నాయి. నాన్న ఒక కాయ తుంచి నమిలి, "రంగుంది, కారం లేదు" అని గుంటూరు తరపున తీర్పిచ్చాడు. అయినా రెండు సంచులు కొన్నాడు.

ఆల్బుకర్కీలో రెండు శిల్పాలు చూడాలి. ఒకటి యూనివర్సిటీ ఆవరణలో ఉన్న నాట్యం చేసే జంట. జరాబే అనే మెక్సికన్ నాట్యం. ఆడమనిషి లావుపాటిది, గట్టిది, గుండ్రటి మొహం, తిరుగుతున్న గాగరా. మగాడు టోపీ వంచి ఆమె వైపు వంగి ఉన్నాడు. క్యాలెండర్ బొమ్మల్లో కనపడే సన్నటి అందగత్తె కాదు. ఇలాంటి మనుషులను బొమ్మలు చేయడమేంటని ఆయన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ గాగరా అంచు వదల్లేదు. గులాబీ రంగు నుంచి ఊదాలోకి ఎక్కడ మారిందో కన్ను పట్టుకోలేదు. బ్రష్షు గీత ఎక్కడా లేదు. మడత లోతులో ముదురు రంగు ఉఫ్‌మని ఊదినంత పల్చగా పడింది.

"అది గన్ను దూరం," నాన్న చెప్పాడు. "దగ్గర పెడితే కారిపోద్ది, దూరం పెడితే దుమ్ములాగా రాల్తది. మణికట్టు తిప్పకూడదు, భుజం తిప్పాల." యూనివర్సిటీ పిల్లలు అటూ ఇటూ పోతుండగా భుజంతో గాలికి రంగు కొట్టి చూపించాడు.

రెండోది మార్టినెజ్‌టౌన్ అనే పాత పేటలోని పార్కులో. ఒళ్లో చనిపోయిన అమ్మాయిని పెట్టుకుని కూర్చున్న యోధుడు. మెక్సికోలో జంట కొండల మీద ఉన్న ప్రేమకథ అది, ఇద్దరూ కొండలైపోతారు. మొదట దీన్ని ఓల్డ్ టౌన్‌లో పెడదామనుకుంటే అక్కడివాళ్లు వద్దన్నారు, పెద్ద గొడవైంది. మార్టినెజ్‌టౌన్ వాళ్లు మాకివ్వండన్నారు. మేం వెళ్లేసరికి ఇద్దరు ముసలాళ్లు దాని పక్కన కూర్చుని దానివైపు చూడకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు. శిల్పానికి అంతకంటే మంచి చోటు ఉంటుందనుకోను.

ఈయన్ని కళా పండితులు ఎందుకు ఇబ్బందిగా చూశారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పార్కులో శిల్పమంటే కంచు ఉండాలి, లేదా రాయి. ఎండావానలకు పచ్చబడాలి, గంభీరంగా ఉండాలి. ఇది కొత్త కారంత మెరుస్తోంది. ఆయన కావాలనే చేశాడు. తను పెరిగిన పేటలో జనం దేన్ని అందమని చూసేవాళ్లో, దేనికోసం జీతం దాచుకునేవాళ్లో, దాన్నే తీసుకున్నాడు. కంచు ధనవంతుల ఇళ్లలో ఉంటుంది. ఫైబర్‌గ్లాసూ కారు రంగూ ఎవరి వాకిట్లోనైనా ఉంటాయి.

రాత్రి భోజనం దగ్గర ఆయన తొలి రోజుల పని ఒకటి ఫోన్లో చూపించాను. 1960ల చివర చేసింది, ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారూ ఒక స్త్రీ కౌగిలించుకుని ఉంటారు. కౌగిలి అని మర్యాదకు అంటున్నాను. నాన్న ఒక్క చూపు చూసి ఫోను బోర్లా పెట్టాడు. కాసేపాగి, "ఫెండర్ మాత్రం బాగా కుదిరింది," అన్నాడు.

శనివారం, ఎస్పన్యోలా

శాంటా ఫే గ్యాలరీలతో నిండిపోయిన ఊరు. ఒక వీధి చివరిదాకా నడిచి, ధరలు చూసి, కాఫీ తాగి బయటపడ్డాం. మేం వెళ్లాల్సింది దానికి ఉత్తరంగా అరగంట దూరంలో ఉన్న ఎస్పన్యోలాకి. లోరైడర్లకు, అంటే నేలకు ఆనేట్టు దించిన ఆ రంగుల కార్లకు, రాజధాని తామేనని చెప్పుకునే చిన్న ఊరు. హిమెనెజ్ శిల్పాలు ఇక్కడ చూడ్డానికి రాలేదు. ఆ శిల్పాల వెనకున్న కార్లను చూడ్డానికి వచ్చాం.

సాయంత్రం రివర్‌సైడ్ డ్రైవ్ మీద ఒక మూసేసిన కొట్టు ముందు ఖాళీలో ఏడెనిమిది కార్లు వరసగా నిలబడ్డాయి. మడత కుర్చీలు, కూల్‌డ్రింకుల పెట్టె, పిల్లలు, కుక్క. నాన్న నేరుగా ఒక ఎర్ర షెవర్లే ఇంపాలా దగ్గరికెళ్లాడు. 1964 మోడల్. ఈ కార్ల వాళ్లలో చాలామందికి ఆ ఏడు మోడలంటే ప్రాణం. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. ఎండ పడిన చోట లోపలి నుంచి బంగారం పైకొస్తోంది, నీడ పడిన చోట చిక్కటి రక్తం రంగు. నాన్న మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని కింద కూర్చున్నాడు.

కారు ఆసామి, యాభై దాటినవాడు, మెడ నిండా పచ్చబొట్లు, పక్కకొచ్చి నిలబడ్డాడు. నాన్న తలెత్తకుండానే నాతో, "కింద బంగారం కొట్టాడా, వెండి కొట్టాడా అడుగు," అన్నాడు. అడిగాను. ఆయన మొహం మారిపోయింది. అప్పటిదాకా మమ్మల్ని దారితప్పిన టూరిస్టులనుకున్నాడు.

బంగారమే. పద్ధతి ఏంటంటే, ప్రైమర్ మీద మెరిసే లోహపు రంగు ఒకటి కొడతారు. దాని మీద పారదర్శకంగా ఉండే పల్చటి రంగు కోటు మీద కోటు. వెలుతురు పై రంగులోంచి దూరి, కింద లోహానికి తగిలి, తిరిగి పైకొస్తుంది. అందుకే ఆ లోతు. ఆఖర్న క్లియర్ కోట్లు, ఒక్కొక్కటీ రుద్ది నున్న చేయాలి. ఎక్కడైనా చెయ్యి ఒక్కసారి ఎక్కువ పడిందా, అక్కడ రంగు ముదురై మచ్చ కడుతుంది, మొత్తం గోకి మళ్లీ మొదలు. లారీ వెనక తలుపు మీద పువ్వులకు తాము కూడా కింద వెండి పూసి పైన పల్చగా ఎరుపు వేసేవాళ్లమని నాన్న చెప్పాడు. నేను అనువదించాను. ఆయన నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, డిక్కీ తెరిచాడు.

డిక్కీలో సామాను పెట్టే చోటే లేదు. బ్యాటరీల వరస, రెండు పంపులు, ఇత్తడి గొట్టాలు. వీటితోనే కారు లేస్తుంది, దిగుతుంది, ఒక పక్కకు వంగుతుంది. దీని వెనక ఒక చట్టం ఉంది. చక్రాల రిమ్ము కంటే బాడీలో ఏ భాగమూ కిందికి ఉండకూడదని కాలిఫోర్నియాలో 1958లో రూలు పెట్టారు, అట్లా దించేవాళ్లు ఎక్కువగా మెక్సికన్ కుర్రాళ్లు. ఆ మరుసటేడే రాన్ అగిరే అనే కుర్రాడు విమానాల్లో వాడే హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్‌కి బిగించాడు. పోలీసు కనపడితే స్విచ్చి నొక్కు, కారు లేస్తుంది. పోలీసు పోయాక మళ్లీ దించు.

డిక్కీ మూత లోపలి వైపు బొమ్మ ఉంది. మెక్సికన్లు కొలిచే మేరీమాత గ్వాదలూపే మాత, చుట్టూ కిరణాలు, కింద గులాబీలు, ఆ గులాబీల పక్కన ఒక పెద్దావిడ మొహం. "వాళ్లమ్మ," అన్నాను నాన్నతో. ఆయన తలూపాడు. క్యాబిన్ నుదుటి మీద కనకదుర్గమ్మనూ, డోరు మీద ఓనరు చచ్చిపోయిన కొడుకు పేరునూ ఆయన ఎన్ని లారీలకు రాశాడో.

ఆసామి స్విచ్చి నొక్కాడు. ముందు భాగం గభాల్న లేచింది, పిల్లలు కేకలేశారు, కుక్క కుర్చీల కిందికి దూరింది. నాన్న నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను.

"దీన్లో ఎక్కడికెళ్తాడు?" అనడిగాడు వచ్చేప్పుడు.

"ఎక్కడికీ వెళ్లడు నాన్నా. ఈ రోడ్డు చివరిదాకా వెళ్తాడు, తిరిగొస్తాడు."

"మరింకేం."

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. హిమెనెజ్ చేసినవాటిలో కార్లు బహు తక్కువ. ఆ బీటిల్ లాంటివి ఒకటో రెండో. తర్వాతంతా గుర్రాలు, రౌతులు, నాట్యం చేసేవాళ్లు, మొసళ్లు, నది దాటేవాళ్లు. చిన్నప్పుడు కార్ల మీద మనసు పడ్డ కళాకారుడంటే కార్ల బొమ్మలే గీస్తాడని మనం అనుకుంటాం. అట్లా గీసేవాళ్లున్నారు, చక్కగా గీస్తారు, గోడకు బాగుంటాయి. ఈయన కారు ఆకారాన్ని వదిలేసి దాని చర్మాన్ని ఉంచుకున్నాడు. ఆ లోతు, ఆ మెరుపు, వెలుతుర్ని పట్టుకునే తీరు, దాని కోసం పడే నెలల చాకిరీ. అవి తన మనుషుల ఒంటికి తొడిగాడు. పొలంలో పనిచేసేవాడికి, సరిహద్దు దాటేవాడికి ఇంపాలాకిచ్చే మర్యాద ఇచ్చాడు. నాన్న కూడా కారు నడపడం నేర్చుకోనేలేదు. నాకా సంగతి ఎప్పుడూ వింతగా ఉండేది.

ఆదివారం, చిమయో, తర్వాత రోడ్డే రోడ్డు

ఎస్పన్యోలాకి తూర్పుగా కొండల్లో చిమయో. 1816 నాటి మట్టి చర్చి. లోపల చిన్న గదిలో నేల మీద గుంట, అందులో మన్ను. జబ్బులు నయమవుతాయని జనం తీసుకెళ్తారు. గోడలకు వదిలేసిన చేతికర్రలు వేలాడుతున్నాయి. నాన్న గుండ్రంగా వంగి, చిటికెడు మన్ను రుమాల్లో కట్టుకుని, కుడి మోకాలికి కొంచెం అక్కడే రాసుకున్నాడు.

ఈ ఊరి కుర్రాడొకడు 1969 ఫోర్డ్ ఎల్‌టీడీ కొని లోరైడర్‌గా మార్చడం మొదలుపెట్టి, 1978లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. మిగిలిన పని ఇంట్లోవాళ్లు పూర్తి చేశారు. ఆ కారు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల చరిత్ర మ్యూజియంలో ఉంది. హిమెనెజ్ రౌతు కూడా ఆ ఊళ్లోనే, స్మిత్సోనియన్ వాళ్ల ఆర్ట్ మ్యూజియం వాకిట్లో, అట్లాంటిదే ఇంకో నీలం గుర్రం మీద ఉన్నాడు.

అక్కడి నుంచి డెన్వర్ దాకా నడపడమే. కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర వాన, తర్వాత ట్రాఫిక్. చెప్పుకోదగ్గదేమీ లేదు.

సోమవారం, డెన్వర్ ఎయిర్‌పోర్టు

గుర్రం పేన్యా బులెవార్డ్ పక్కన గడ్డిలో నిలబడి ఉంటుంది. వెనక కాళ్ల మీద లేచి, ఒళ్లంతా నీలం, నరాలు ఉబ్బి, కళ్లలో ఎర్ర దీపాలు. లోపల ఉక్కు, పైన ఫైబర్‌గ్లాస్, బరువు 9000 పౌన్లు. హిమెనెజ్ పోయాక కొడుకులూ వర్క్‌షాపు మనుషులూ కలిసి పూర్తి చేశారు. ఆఖరి రంగులు వేసింది లోరైడర్లకూ రేసు కార్లకూ రంగులేసే పనివాళ్లు. 2008 ఫిబ్రవరిలో నిలబెట్టారు. ఊరివాళ్లలో చాలామందికి అది నచ్చలేదు, తీసెయ్యమని గోల చేశారు, దెయ్యం పేరు తగిలించారు. చేసినవాణ్ని చంపిన గుర్రమని విమానం దిగినవాళ్లకు చెప్పడం ఇక్కడి టాక్సీవాళ్లకు సరదా.

అక్కడ కారు ఆపకూడదు. అందుకని ఒకసారి దాటి, టెర్మినల్ దాకా వెళ్లి, చుట్టు తిరిగి మళ్లీ వచ్చాను, నాన్న వైపు నుంచి కనపడేట్టు. ఎడమ లేన్లో మెల్లగా పోతుంటే వెనకవాడు హారన్ కొట్టాడు.

"నలుపు వాడలేదు చూశావా," అన్నాడు నాన్న మెడ తిప్పి. "నీడకు కూడా ముదురు నీలమే కొట్టాడు. నలుపు కొడితే చచ్చిపోద్ది." అది కనపడకుండా పోయేదాకా చూసి, "చేసినాయన కొట్టింది ఏది, పిల్లలు కొట్టింది ఏది?" అన్నాడు.

నాకు కనపడలేదన్నాను.

"నాకూ కనపళ్లా. మంచి పిల్లలు."

ఆ ఎర్ర కళ్ల సంగతి చెప్పాను. తండ్రి నియాన్ షాపు గుర్తుగా పెట్టాడని. చీకట్లో చాలా దూరం నుంచి కనపడతాయని.

డిపార్చర్స్ దగ్గర బ్యాగులు దించాం. మిరపకాయల సంచి వల్ల ఒక బ్యాగు మూడు కిలోలు ఎక్కువైంది, సగం తీసి నా కారులో పెట్టాను. నాన్న పాస్‌పోర్టు జేబులో ఉందో లేదో రెండుసార్లు తడుముకుని, సెక్యూరిటీ వరసలోకి పోతూ వెనక్కి తిరిగాడు.

"ఈసారి రాత్రి ఫ్లైటు తియ్యమ్మా. దీపాలు వెలిగాక చూడాల దాన్ని."